జపాన్‌వాళ్ళు పుట్టుకతోనే అంత పద్ధతిగా ఉంటారా?

మీరు అడిగినవి మూడు. నవంబరులో అమ్మానాన్నల్ని, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని టోక్యో, క్యోటో వెళ్తున్నారు కాబట్టి అక్కడి రోజువారీ జీవితంలో ఏవి వింతగా అనిపిస్తాయన్నది ఒకటి. శాకాహారి అయిన మీ అమ్మగారికి తిండి ఎలాగన్నది రెండోది. యూట్యూబ్ వీడియోల్లో చూపించే శుభ్రత, క్రమశిక్షణ నిజమేనా, అది వాళ్ళ రక్తంలోనే ఉందా అన్నది మూడోది.

మూడోదానితోనే మొదలుపెడతాను. అది తేలితే మిగతావి సగం తేలినట్టే. ఏళ్ళ తరబడి టోక్యోలో కాపురం ఉంటున్నవాడిగా నా అభిప్రాయం ఇది: రక్తంలో ఏమీ లేదు. మనం చూసి ముక్కున వేలేసుకునే ప్రతి అలవాటు వెనకా ఒక చట్టమో, ఒక మిషనో, ఒక పాత గొడవో, పక్కింటివాళ్ళ చూపో ఉంటుంది. అది తెలిస్తే వాళ్ళని దేవుళ్ళని చేయాల్సిన పనీ ఉండదు, మనల్ని మనం తిట్టుకోవాల్సిన పనీ ఉండదు.

చెత్త సంగతే చూడండి. విమానం దిగిన రోజే మీ పిల్లలు అడిగే ప్రశ్న "నాన్నా, ఈ కవర్ ఎక్కడ పడెయ్యాలి?" అని. రోడ్డు మీద చెత్తడబ్బా కనిపించదు, చెత్తా కనిపించదు. వీడియోల వాళ్ళు ఇక్కడే మురిసిపోతారు. నిజానికి ఒకప్పుడు డబ్బాలు ఉండేవి. 1995 మార్చి 20న ఓమ్ షిన్రిక్యో అనే ముఠా టోక్యో సబ్‌వే రైళ్ళలో సారిన్ విషవాయువు వదిలింది. ఆ తర్వాత భద్రత కోసం స్టేషన్లలో, వీధుల్లో డబ్బాలు చాలావరకు తీసేశారు. కొన్నిచోట్ల మళ్ళీ పెట్టినా జనానికి ఈలోగా చెత్త సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళడం అలవాటైపోయింది.

ఇంకా వెనక్కి వెళ్తే ఇప్పటి టోక్యో చూసినవాళ్ళు నమ్మరు. 1960ల్లో నగరం చెత్తంతా సముద్రం ఒడ్డున కోతో వార్డు వైపు తీసుకెళ్ళి పోసేవాళ్ళు. యుమెనోషిమా అనే దిబ్బ మీద 1965లో ఈగలు దండులా లేచి ఊరి మీద పడ్డాయి. మందులకి లొంగకపోతే చివరికి దిబ్బకే నిప్పు పెట్టారు. 1971లో అప్పటి గవర్నర్ మినోబే ర్యోకిచి ఏకంగా 'చెత్త యుద్ధం' అని ప్రకటించాల్సి వచ్చింది. చెత్త కాల్చే కేంద్రం మా దగ్గర వద్దంటే వద్దని సుగినామి వార్డు జనం అడ్డం తిరిగారు. అయితే మీ చెత్త మా నెత్తిన ఎందుకని కోతో వార్డువాళ్ళు సుగినామి లారీలను రోడ్డు మీదే ఆపేశారు. కోర్టులూ, చర్చలూ అన్నీ అయ్యాక 1982లో గానీ సుగినామిలో ఆ కేంద్రం పూర్తి కాలేదు. ఇవాళ మీరు చూసే శుభ్రత ఆ కొట్లాటల్లోంచి పుట్టింది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఎలా నడుస్తుందో చెప్తాను. ఏ చెత్త ఏ రోజు తీసుకెళ్తారో గోడ మీద చార్టు ఉంటుంది. కాలేది వారానికి రెండుసార్లు, సీసాలూ డబ్బాలూ ఒక రోజు, కాలనిది నెలకి రెండుసార్లు. ఉదయం 8 గంటల లోపు కింద పెట్టేయాలి. ముందురోజు రాత్రే పెడితే కాకులు చింపి రోడ్డంతా పరుస్తాయి. అందుకే సంచుల మీద నీలం వల కప్పుతారు. మా కింది వాటాలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆవిడ రోజూ ఆ వల అంచుల మీద నీళ్ళు నింపిన సీసాలు బరువుగా పెట్టి వెళ్తారు. ప్లాస్టిక్ నీళ్ళ సీసా అయితే మూత తీసి, లేబుల్ ఒలిచి, కడిగి, నొక్కి పెట్టాలి. మూతా లేబులూ ఒక దాంట్లో, సీసా ఇంకో దాంట్లో. పాల అట్టపెట్టె కడిగి, కత్తిరించి, పరిచి ఆరబెట్టి సూపర్‌మార్కెట్ గుమ్మంలో ఉన్న పెట్టెలో వేయాలి. గారెలు వేయించిన నూనె సింకులో పోయకూడదు. దాన్ని గడ్డకట్టించే పొడి ఒకటి అమ్ముతారు. వేడి నూనెలో కలిపి చల్లారనిస్తే అట్టులా లేచి వస్తుంది, తీసి కాలే చెత్తలో వేసేయడమే. సంచిలో తప్పుడు సరుకుంటే బండివాళ్ళు తీసుకెళ్ళరు. ఒక స్టిక్కరు అంటించి అక్కడే వదిలేస్తారు. ఆ స్టిక్కరుతో మీ సంచి ఒక్కటే రోజంతా వీధిలో కూర్చుంటే, మర్నాటి నుంచి ఏ క్రమశిక్షణైనా దానంతట అదే వస్తుంది.

పాత సోఫా పడేయాలన్నా డబ్బు కట్టాలి. ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో బుక్ చేసి, కన్వీనియెన్స్ స్టోర్‌లో ఆ ధర స్టిక్కరు కొని, అంటించి, చెప్పిన రోజున బయట పెట్టాలి. ఫ్రిజ్, టీవీ, ఏసీ, వాషింగ్ మెషిన్లకి 2001 నుంచి వేరే చట్టమే ఉంది. వాటిని వదిలించుకోవాలంటే రీసైక్లింగ్ రుసుము మనమే కట్టాలి. తోకుషిమా జిల్లాలో కమికత్సు అనే చిన్న ఊరుంది, అక్కడ చెత్తని నలభైకి పైగా రకాలుగా వేరుచేస్తారు. మీరు అంత దూరం వెళ్ళక్కర్లేదు లెండి. హోటల్లో దిగితే ఈ గొడవేమీ ఉండదు. అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకుంటే మాత్రం ఓనరు పెట్టిన కాగితం చదవండి. బయట తిరిగేటప్పుడు ఒక ఖాళీ కవరు బ్యాగులో ఉంచుకోండి. ఏ స్టోర్‌లో కొన్నది ఆ స్టోర్ డబ్బాలో వేయొచ్చు. డ్రింకుల మిషన్ పక్కన గుండ్రటి కన్నాలున్న డబ్బా ఖాళీ సీసాలకి మాత్రమే.

రెండో అద్భుతం, పోయిన పర్సు తిరిగి రావడం. ఇది నిజమే. మా బంధువుల్లో ఒకాయన రైల్లో మరిచిపోయిన బ్యాగు సాయంత్రానికి ఇంకో స్టేషన్‌లో దొరికింది, లోపల డబ్బుతో సహా. కానీ ఇందులోనూ చట్టం ఉంది. దొరికిన వస్తువుని వారం లోపు పోలీసులకి అప్పజెబితే, పోగొట్టుకున్నవాళ్ళ నుంచి విలువలో 5 నుంచి 20 శాతం అడిగే హక్కు దొరికినవాళ్ళకి ఉంటుంది. మూడు నెలల్లో ఎవరూ రాకపోతే వస్తువే వాళ్ళది అవుతుంది, ఫోన్లూ కార్డుల్లాంటివి తప్ప. జేబులో వేసుకుంటే అది నేరం, ఏడాది దాకా శిక్ష పడొచ్చు. పైగా అప్పజెప్పడం తేలిక. కోబాన్ అనే చిన్న పోలీసు గది దాదాపు ప్రతి పెద్ద స్టేషన్ దగ్గరా ఉంటుంది, దేశం మొత్తం మీద ఆరు వేల పైచిలుకు. దొరికిన వస్తువుతో లోపలికి వెళ్తే నిన్నే అనుమానించే పోలీసు ఉండడు, ఒక ఫారం రాసుకుని పంపిస్తాడు. ఒక్క టోక్యో పోలీసులకే ఏడాదికి 40 లక్షలకి పైగా వస్తువులు చేరుతున్నాయి. అంటే అక్కడివాళ్ళూ మనలాగే మరిచిపోతారన్నమాట.

గొడుగు సంగతి వేరు. వానాకాలంలో వేల గొడుగులు పోలీసుల దగ్గర చేరతాయి, అడగడానికి వచ్చేవాళ్ళు నూటికి ఒకటీ అరా. దుకాణం గుమ్మంలో పెట్టిన ప్లాస్టిక్ గొడుగు మాయమవడం కూడా మామూలే. ఐదువందల యెన్ల గొడుగు దగ్గర నిజాయితీ కాస్త సడలుతుంది. సైకిళ్ళూ పోతాయి, అందుకే ప్రతి సైకిల్‌కీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అక్కడ అమ్మే ఫోన్లలో ఫొటో తీస్తే వచ్చే శబ్దాన్ని ఆపలేరు. దొంగచాటుగా ఆడవాళ్ళని ఫొటోలు తీసే వెధవలు ఉన్నారు కాబట్టే కంపెనీలు ఆ ఏర్పాటు చేశాయి. రద్దీ వేళల్లో రైళ్ళలో ఆడవాళ్ళకి విడి బోగీలు రావడానికి కారణమూ అలాంటిదే. ఇవి చెప్పని వీడియోలు నాకు నచ్చవు. ఆడవాళ్ళతో వెళ్తున్నవాళ్ళకి ఈ సంగతి తెలిసి ఉండాలి.

రోడ్డు మీద సిగరెట్ తాగేవాళ్ళు కనిపించకపోవడమూ అంతే. 2002లో టోక్యోలోని చియోదా వార్డు వీధుల్లో పొగ తాగితే డబ్బు కట్టించే నిబంధన తెచ్చింది, తర్వాత మిగతావాళ్ళూ అందుకున్నారు. అంతకుముందు మన వీధుల్లాగే ఉండేది.

రైళ్ళ గురించి మీరు వినే ఉంటారు. 2017లో సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలు 20 సెకన్లు ముందు కదిలినందుకు కంపెనీ క్షమాపణ చెప్పింది. ప్రపంచం నవ్వుకుంది గానీ, అందరూ రైలు మారి మారి వెళ్ళే ఊళ్ళో ఒక రైలు అటూఇటూ అయితే తర్వాతి నాలుగు తప్పిపోతాయి. ఆలస్యమైతే ఆఫీసులో చూపించడానికి స్టేషన్‌వాళ్ళు ఒక చీటీ ఇస్తారు. ఇప్పుడు వెబ్‌సైట్‌లోనూ దొరుకుతుంది. లోపల నిశ్శబ్దంగా ఉంటుంది. ఫోన్ మాట్లాడరు. మన కుటుంబాలు ఐదుగురు ఎక్కితే సహజంగానే గొంతు లేస్తుంది. ఎవరూ ఏమీ అనరు, కానీ చుట్టూ ఒక బిగుతు వస్తుంది. పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

ఎస్కలేటర్ మీద టోక్యోలో ఎడమవైపు నిలబడి కుడివైపు వదిలేస్తారు, ఒసాకాలో దానికి తిరగేసి. ఇదీ పాతబడుతోంది. నడవకుండా నిలబడే వెళ్ళాలని సైతామాలో 2021లో, నగోయాలో 2023లో స్థానిక చట్టాలు తెచ్చారు. ముందున్నవాళ్ళని చూసి మీరూ అలాగే చేయండి, సరిపోతుంది.

నాన్నగారి మోకాళ్ళ గురించి రాశారు. అసలు సమస్య అక్కడే. జపాన్ యాత్ర అంటే నడక. స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి గానీ ప్లాట్‌ఫామ్‌కి ఏదో ఒక చివర ఉంటాయి. షింజుకు లాంటి స్టేషన్‌కి 200కి పైగా ద్వారాలున్నాయి. తప్పు ద్వారంలోంచి బయటపడితే హోటల్ చేరేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. గూగుల్ మ్యాప్స్ చెప్పే ద్వారం నంబరు చూసుకునే బయటికి రండి. వృద్ధుల సీట్లలో కుర్రాళ్ళు నిద్రపోతూ కనిపిస్తారు, లేచి ఇస్తారని ఆశపెట్టుకోకండి. వీధుల్లో కూర్చోవడానికి బెంచీలు కూడా తక్కువే. ఉదయం ఒక చోటు, సాయంత్రం ఒక చోటు, మధ్యలో విశ్రాంతి అని పెట్టుకుంటే నాన్నగారు హాయిగా తిరుగుతారు.

పెద్ద సూట్‌కేసులతో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కే ఆలోచన మానుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే 2020 నుంచి ఆ సామాను కోసం ప్రత్యేక సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి. అంతకంటే మేలైన దారి తక్క్యూబిన్. టోక్యో హోటల్ రిసెప్షన్‌లో సూట్‌కేసు అప్పజెబితే సాధారణంగా మర్నాటికి క్యోటో హోటల్లో ఉంటుంది. ఒక రాత్రికి సరిపడా బట్టలు, మందులు చేతి సంచిలో పెట్టుకుంటే చాలు. దేశమంతా తిరిగే జేఆర్ (జపాన్ రైల్వే) పాస్ కొనమని పాత వీడియోలు చెప్తాయి, నమ్మకండి. ఏడు రోజుల పాస్ 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000కి పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకి ఒకవైపు టికెట్ దాదాపు 14,000. మీరు వెళ్ళి వచ్చేదానికి పాస్ దండగ. పిల్లలకి 6 నుంచి 11 ఏళ్ళ మధ్య సగం టికెట్.

ఇక అమ్మగారి తిండి. కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. జపాన్ వంటకి ప్రాణం దాషి అనే రసం. దాన్ని ఎక్కువగా కత్సువోబుషి, అంటే ఎండబెట్టి పొగబెట్టిన చేపని చెక్కిన పొరలతో కాస్తారు. మిసో సూపు, ఉదోన్, సోబా అనే నూడుల్స్, గుడ్డు అట్టు, కూరగాయల ఉడకబెట్టు కూర, ఆఖరికి టోఫు మీద పోసే చారులోనూ అదే. "మాంసం లేదా?" అంటే లేదనే చెప్తారు, అబద్ధం కాదు. వాళ్ళ లెక్కలో ఆ చేప రసం మనం పోపు పెట్టినంత మామూలు సంగతి, వంటలో ఉన్నట్టే గుర్తుండదు. కాబట్టి "శాకాహారి" అన్న మాట మీద ఆధారపడొద్దు. మాంసం, చేప, రొయ్య, చేప దాషి, మాంసం సారం, జెలటిన్ వద్దు అని జపనీస్‌లో రాయించిన కాగితం చేతిలో ఉంచుకోండి. గుడ్డూ పాలూ పర్వాలేదో కాదో కూడా రాయండి.

ప్యాకెట్ మీద అలర్జీ పట్టిక చూస్తే సరిపోతుందని కొందరు అంటారు. సరిపోదు. తప్పనిసరిగా రాయాల్సిన వాటిలో గుడ్డు, పాలు, గోధుమ, వేరుశనగ, రొయ్య, పీత వంటివి ఉన్నాయి గానీ కత్సువో చేప లేదు. ఫోన్ కెమెరాతో పదార్థాల జాబితా మొత్తం అనువాదం చేసి చదవాలి. బంగాళాదుంప చిప్సులో మాంసం సారం, బ్రెడ్డులో పంది కొవ్వు, కూర కోసం అమ్మే ముద్దలో గొడ్డు కొవ్వు తరచుగా కనిపిస్తాయి. పుల్లటి ఊమె కాయ పెట్టిన అన్నం ముద్ద కూడా కొన్ని కంపెనీలది చేప రుచితో వస్తుంది. ఉప్పు వేసి చేసిన ఉత్త అన్నం ముద్ద, ఉడికించిన పచ్చి సోయా కాయలు, దోసకాయ చుట్టిన సుషి, అరటిపండు, వేయించిన గింజలు, చలికాలం సూపర్‌మార్కెట్ గుమ్మంలో వేడివేడిగా అమ్మే కాల్చిన చిలగడదుంపలు, ఇవి మా ఇంటికొచ్చే పెద్దవాళ్ళని కాపాడుతున్న వస్తువులు. ఆ చిలగడదుంప ఒక్కసారి తింటే అమ్మగారు రోజూ అడుగుతారు, అంత తియ్యగా ఉంటుంది.

గుళ్ళలో బౌద్ధ సన్యాసుల భోజనం షోజిన్ ర్యోరి అని ఉంటుంది. చేపకి బదులు సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో రసం చేస్తారు. వకాయమా జిల్లాలోని కోయాసాన్ కొండ మీద గుడి బసలో ఒక రాత్రి ఉంటే రాత్రి భోజనం, పొద్దుటి భోజనం రెండూ అదే పద్ధతిలో పెడతారు. ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు కాబట్టి మన పెద్దవాళ్ళకి సులభంగా నప్పుతుంది. అయితే ఉప్పూ కారం చూసి "ఇదేంటి పథ్యం కూడు" అంటారు, కారప్పొడి సీసా దగ్గర పెట్టుకోండి. టోక్యోలో అయితే ఎదోగావా వార్డులోని నిషి కసాయి చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది ఉంటారు. 2000 ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు ఆఫీసులుండే ఒతేమాచికి నేరుగా రైలుందని అక్కడ స్థిరపడ్డారు, తర్వాతివాళ్ళు వాళ్ళని చూసి చేరారు. తెలుగు ఇళ్ళూ బోలెడు. కందిపప్పు, చింతపండు, బియ్యం అమ్మే కొట్లున్నాయి, ఇడ్లీ దోసె దొరుకుతాయి. "ఇండియన్ రెస్టారెంట్" అన్న బోర్డు మాత్రం ఊరూరా కనిపిస్తుంది. అందులో ఎక్కువ నేపాలీలు నడిపేవి. పళ్ళెం దాటి వేలాడే నాన్, కాస్త తియ్యటి కూర పెడతారు. ఆపదలో పనికొస్తుంది.

ఇంటి నుంచి కందిపొడి, పులిహోర పేస్టు, ఆవకాయ తెచ్చుకోండి. చికెన్ పచ్చడి, గోంగూర మటన్ మాత్రం తేవొద్దు. మాంసం సరుకు ఏ రూపంలోనైనా విమానాశ్రయంలో తీసేసుకుంటారు, చెప్పకుండా తెస్తే కేసు కూడా అవుతుంది. పచ్చి కరివేపాకు, పండ్లూ వద్దు. చిన్న రైస్ కుక్కర్ తెస్తానన్నారు. తేకండి. అక్కడ కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కర్ అందులో పెడితే ఐదో వంతు వేడి కూడా రాదు, బియ్యం నానుతూ కూర్చుంటాయి. ఫోన్ ఛార్జర్లకి ఆ ఇబ్బంది లేదు, రెండు చదును పిన్నుల అడాప్టర్ ఉంటే చాలు. చిత్రమేమిటంటే దేశం తూర్పు సగంలో 50 హెర్ట్జ్, పడమటి సగంలో 60. పంతొమ్మిదో శతాబ్దంలో టోక్యోవాళ్ళు జర్మన్ జనరేటర్లు, ఒసాకావాళ్ళు అమెరికన్ జనరేటర్లు కొన్నారు. ఇప్పటికీ అలాగే నడుస్తోంది. అంత పద్ధతి గల దేశం ఇదొక్కటి మాత్రం సరిచేసుకోలేకపోయింది!

విదేశాలకి వెళ్ళే మన పెద్దవాళ్ళకి ఉండే పెద్ద టెన్షన్ టాయిలెట్‌లో నీళ్ళుండవని. జపాన్‌లో ఆ భయం లేదు. టోటో కంపెనీ 1980లో వాష్‌లెట్ తెచ్చింది, ఇప్పుడు హోటళ్ళూ ఇళ్ళూ మాల్స్ దాదాపు అన్నిట్లోనూ నీళ్ళ ఏర్పాటు ఉంటుంది, వేడి సీటుతో సహా. నాన్నగారికి రెండు బటన్లు చూపించండి: నీళ్ళు ఆపేది ఒకటి, ఆపదలో సాయం పిలిచేది ఒకటి. రెండోది ఫ్లష్ అనుకుని నొక్కేవాళ్ళు ఎక్కువ, నొక్కితే హోటల్ సిబ్బంది తలుపు దగ్గరికొస్తారు. కాగితం కమోడ్‌లోనే వేయాలి. పబ్లిక్ టాయిలెట్లో చేతులు తుడుచుకోవడానికి ఏమీ ఉండకపోవచ్చు, తలా ఒక చేతిరుమాలు పెట్టుకోండి. కుళాయి నీళ్ళు ఎక్కడైనా తాగొచ్చు.

వేడినీళ్ళ ఊటల్లో స్నానం, అదే ఒన్‌సెన్, మీకు అసలైన సాంస్కృతిక షాక్. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ విడివిడిగా ఉంటుంది, లోపల ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా రుద్దుకుని కడుక్కోవాలి, ఆ తర్వాతే తొట్టిలో దిగాలి. తొట్టి మురికి పోగొట్టుకోవడానికి కాదు, ఒళ్ళు కాచుకోవడానికి. ఇళ్ళలోనూ అంతే. తొట్టిలో ఒకసారి పట్టిన నీళ్ళలోనే ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు దిగుతారు, అందరూ బయట కడుక్కునే దిగుతారు కాబట్టి. మన అత్తమ్మలూ మామయ్యలూ పదిమంది ముందు బట్టలు విప్పమంటే చస్తే ఒప్పుకోరు. వాళ్ళ కోసం కుటుంబానికి విడిగా గంట అద్దెకిచ్చే గదులున్న సత్రాలు చాలా ఉన్నాయి, బుక్ చేసేటప్పుడే అడగండి. నీళ్ళు 40 నుంచి 42 డిగ్రీలుంటాయి. బీపీ ఉన్నవాళ్ళు ఐదు నిమిషాల్లో పైకి వచ్చేయాలి. పచ్చబొట్టు ఉంటే చాలాచోట్ల రానివ్వరు. సత్రంలో ఇచ్చే యుకాతా అనే నూలు అంగీ తొడిగేటప్పుడు ఎడమవైపు అంచు పైకి రావాలి. కుడి పైకి వేసేది శవానికి. అలాగే అన్నంలో తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) నిలువుగా గుచ్చడం, పుల్లల నుంచి పుల్లలకి ముద్ద అందించడం చావు కర్మల్లో చేసేవి. పిల్లలు ఆటకి చేస్తారు, ఆపండి.

మీ పిల్లలు మాత్రం అక్కడి పిల్లల్ని చూసి ఆశ్చర్యపోతారు. పసుపు టోపీ పెట్టుకుని, వీపున చదరపు సంచితో ఒకటో తరగతి పిల్ల ఒంటరిగా రైలెక్కుతుంది. అందులోనూ ఏర్పాటుంది. ఎక్కువమందికి బడి నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఉంటుంది, ఏ దారిన వెళ్ళాలో బడే నిర్ణయిస్తుంది, రోడ్డు దాటే చోట తల్లిదండ్రులు వంతుల వారీగా జెండా పట్టుకుని నిలబడతారు. మా అమ్మాయి ప్రైమరీ స్కూల్లో ఉన్నప్పుడు ఆ వంతు నాకూ పడేది. మధ్యాహ్నం భోజనం పిల్లలే తెల్ల కోట్లు, టోపీలు వేసుకుని వడ్డిస్తారు, తిన్నాక తరగతి గది, వరండా వాళ్ళే తుడుస్తారు. మా అమ్మాయి ఇంటికొచ్చి మంచినీళ్ళ గ్లాసు కూడా తీయదనుకోండి, అది వేరే విషయం. సాయంత్రం ఐదు గంటలకి వీధి మైకుల్లో ఒక పాత పిల్లల పాట వినిపిస్తుంది. ఇంటికి పొమ్మని పిల్లలకి గుర్తుచేసినట్టూ ఉంటుంది, భూకంపం హెచ్చరికలకి వాడే ఆ మైకులు పనిచేస్తున్నాయో లేదో రోజూ పరీక్షించినట్టూ ఉంటుంది.

భూకంపం అన్నాను కాబట్టి చెప్తున్నా. చేతిలో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగితే కంగారుపడి బయటికి పరిగెత్తకండి. బల్ల కింద దూరి తల కాపాడుకోండి. 1981లో కఠినం చేసిన నిబంధనల ప్రకారం కట్టిన భవనాల్లో ఉంటే లోపలే క్షేమం, బయట అద్దాలూ బోర్డులూ పడతాయి. అక్కడ టీవీలో చూపించే అంకె రిక్టర్ స్కేల్ కాదు, మీరున్న చోట ఎంత ఊగిందో చెప్పే షిందో, 7 దాకా ఉంటుంది. మూడు వస్తే జపాన్‌వాళ్ళు టీ కప్పు కూడా కింద పెట్టరు.

చిన్నచిన్నవి చకచకా చెప్పేస్తాను. టిప్పు ఇవ్వకండి, వెనకే పరిగెత్తుకొచ్చి తిరిగిచ్చేస్తారు. టాక్సీ వెనక తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది, మీరు లాగొద్దు. డబ్బు చేతికివ్వకుండా కౌంటర్ మీద చిన్న ట్రేలో పెట్టండి. మన యూపీఐ మీద ఆధారపడొద్దు, కొంత నగదు తప్పనిసరి. సెవెన్ బ్యాంక్ ఏటీఎంలో విదేశీ కార్డులు పనిచేస్తాయి. పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, చట్టం అది. క్యోటోలో గియోన్ సందుల్లో గేషాల (సంప్రదాయ కళాకారిణుల) వెంటపడి ఫొటోలు తీయకండి, కొన్ని ప్రైవేటు సందుల్లోకి వెళ్తే 10,000 యెన్లు కట్టమని బోర్డులు పెట్టారు.

అమ్మానాన్నల మందులు నెల రోజులకి సరిపడా వరకు ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్ళొచ్చు, డాక్టర్ చీటీ దగ్గర ఉంచుకోండి. అంతకు మించితే ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే అసలు తేకూడదు, కొడీన్ ఉన్న దగ్గు మందుల మీదా ఆంక్షలున్నాయి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ సంచిలో పోసేయకుండా ఒక్కొక్కటీ పేరు చూసి పెట్టండి.

నవంబరు మంచి ఎంపికే. క్యోటోలో ఎర్రటి మేపుల్ ఆకులు నెలాఖరుకి బాగుంటాయి, అప్పుడు హోటల్ ధరలు కూడా మండిపోతాయి కాబట్టి ఇప్పుడే బుక్ చేయండి. ఒక్క సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు: టోక్యోలో ఆ నెలాఖరున సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, గుళ్ళు చాలావరకు నాలుగు, ఐదు గంటలకి మూసేస్తారు. హోటల్ నుంచి పది గంటలకి బయల్దేరితే రోజు సగం పోయినట్టే. ఎనిమిదికల్లా రోడ్డెక్కేలా ప్లాన్ చేసుకోండి.